శేషగిరి ఎందుకు చేశాడు

ధర్మలింగం ఆ మాట అడిగినప్పుడు వరదలక్ష్మి చెప్పులు విడిచి, షూటింగ్ బంగళా వెనక మెట్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. లోపల లైట్లు సర్దుతున్నారు. తర్వాతి సీనుకు మాటలు ఇంకా పూర్తి కాలేదు. ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితాలు, కళ్ళలో నిద్ర.

"అమ్మా, ఈ శేషగిరి ఏంటికి చేస్తా ఉండాడు ఈ పని?"

ఆమె తల ఎత్తలేదు. "డబ్బుకు."

"డబ్బు తీసుకున్నట్టు మనం యాడా చూపించలేదే. ఆ చొక్కానే, ఆ సైకిలే. తీసుకుని ఏం చేస్తాడు?"

"చూద్దాంలెండి. వచ్చేవారం ఏదైనా పెడతాను."

ధర్మలింగం ఇంకా ఏదో చెప్పబోయి, ఆమె కలం కదలడం చూసి ఊరుకున్నాడు.

వరదలక్ష్మి చెన్నైలో వాషర్‌మెన్‌పేట్‌లో ఆడపిల్లల స్కూల్లో తెలుగు టీచరు. వాళ్ళ తాతల నాటి నుంచీ కుటుంబం అక్కడే. ఒకప్పుడు రేడియోకి నాటకాలు రాసేది. వాటిని విన్న విజయకుమార్ అనే నిర్మాత, దర్శకుడు వెతుక్కుంటూ వచ్చి, తెలుగు చానల్‌కు గూఢచారి సీరియల్ తీస్తున్నాననీ, మాటలు రాయమనీ అడిగాడు. సినిమావాళ్ళు చాలామంది అప్పటికే హైదరాబాదు వెళ్ళిపోయారు. చెన్నైలో మిగిలినవాళ్ళు టీవీ మీద పడ్డారు. మొదట్లో ఆమెకు ఉత్సాహంగానే ఉండేది. ఏడాది గడిచేసరికి స్కూలు, బస్సు, సీరియల్, మళ్ళీ బస్సు. కథ ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుండేది కాదు. చాలా సీన్లు బస్సులో కూర్చునే రాసేది.

సీరియల్ పేరు 'నాలుగో రేవు'. ఏ ఊరో చెప్పని ఒక రేవు పట్నం, అందులో ఒక ఆఫీసు, ఆ ఆఫీసులో శేషగిరి అనే గుమాస్తా. ఓడల రాకపోకల రహస్యాలు పరాయి దేశం మనిషికి చేరవేస్తుంటాడు. అతన్ని వెంటాడే యువ ఆఫీసరు కథానాయకుడు. చూసేవాళ్ళకు మాత్రం ఆఫీసరు కంటే శేషగిరి మీదే ఆసక్తి కలిగింది. దానికి కారణం ఆ వేషం వేసే ధర్మలింగమే. రాయపురం మనిషి. అరవైకి దగ్గర పడ్డాడు. వయసులో ఉన్నప్పుడు నాటకాలు వేశాడు. ఆ తర్వాత సినిమాల్లో గుంపులో ఒకడు, డబ్బింగుల్లో పోలీసు గొంతు, పూజారి గొంతు, పక్కింటివాడి గొంతు. తనకంటూ ఒక పేరున్న వేషం ఇదే మొదటిది.

ఆ సాయంత్రం షూటింగ్ అయ్యాక ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డారు. ధర్మలింగం శేషగిరి గురించే మాట్లాడుతున్నాడు. శేషగిరి భార్య అనీ, ఆమెకు తెలిసే ఉంటుందనీ ఏదో అన్నాడు. వరదలక్ష్మి ఊఁ కొడుతూ దిద్దాల్సిన పరీక్ష పేపర్ల గురించి ఆలోచిస్తోంది. బస్సు రాగానే ఎక్కేసింది.

విజయకుమార్ ఆలోచన వేరు. అతని పూర్వీకులూ తెలుగువాళ్ళే గానీ అతనికి సగం మాటలు తమిళంలోనే వచ్చేవి. "ఎన్న టీచర్, దీంట్లో యోచన చేసేదానికి ఏముంది? శేషగిరికి ఒక కూతురు. హార్ట్ ఆపరేషన్. డబ్బు లేదు. అంతే. ఆడవాళ్ళందరూ ఏడ్చేస్తారు," అన్నాడు.

"ఇన్ని వారాలుగా లేని కూతురు ఇప్పుడెట్లా వస్తుంది సార్?"

"హాస్టల్లో చదువుకుంటా ఉండాది అని పెట్టండి."

వరదలక్ష్మికి వాదించే ఓపిక లేదు. సరే అనీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు గొడవ మొదలైంది. ఇంకో చానల్లోనూ ఒక గూఢచారి సీరియల్ వస్తోంది. ఆ మధ్య అందరికీ అదే పిచ్చి. అది మంగళవారం, వీళ్ళది గురువారం. 'నాలుగో రేవు'లో ఆఫీసరు కారు డ్రైవరే శత్రువు మనిషని తేలే సీను తీసి ఉంచారు. అది ప్రసారం కాకముందే అవతలి సీరియల్లో డ్రైవరు దొంగగా దొరికిపోయాడు. విజయకుమార్ తలపట్టుకుని ఆ సీను మళ్ళీ తీశాడు. కాకతాళీయం అనుకున్నారు. నెల తిరగకముందే మళ్ళీ అదే జరిగింది. ఈసారి దీపస్తంభం దగ్గర రహస్యంగా కలుసుకునే సీను మొత్తం, మాట కూడా పెద్దగా మారకుండా, అటువైపు వచ్చేసింది. లోపలివాళ్ళెవరో కథ అందిస్తున్నారని తేలిపోయింది.

అవతలి సీరియల్ ఏం చేస్తుందో చూడక తప్పలేదు. వరదలక్ష్మి ప్రతి మంగళవారం భర్త భాష్యంతో కలిసి టీవీ ముందు కూర్చునేది. ఒక వారం ఒక సీను వచ్చింది. దేశద్రోహం చేస్తున్న మనిషి పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరుతాడు. భార్యకు అంతా తెలుసు. తెలిసినట్టు ఒక్క మాట అనదు. క్యారియర్ చేతికిస్తుంది, చొక్కా కాలరు సరిచేస్తుంది, "పెరుగు వేరే గిన్నెలో పెట్టినాను, ఒలుకుతుంది జాగ్రత్త" అంటుంది. తలుపు వేసుకుని, ఆ తలుపుకే వీపు ఆనించి నిలబడుతుంది. అంతే సీను.

"ఎవరో బాగా తెలిసినవాళ్ళు రాస్తా ఉండారండీ. నాకు రాకపోయె ఇది," అంది వరదలక్ష్మి.

"నీకు తీరికెక్కడిది?" అన్నాడు భాష్యం.

ఆ శనివారం సెట్టు మీద విజయకుమార్ ఎవరితోనూ మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకు మేకప్ చేసే ఆరోగ్యమేరిని పిలిపించాడు. ఆమె మరిది అవతలి కంపెనీలో కరెంటు పని చేస్తాడని ఎవరో చెప్పారట. ఆరోగ్యమేరి ఒట్టు పెట్టుకుంది. "కథ నాకేం తెలుస్తాది సార్? నాకు మొహాలే కదా తెలిసేది," అంది. విజయకుమార్ వినలేదు. రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె తన పౌడరు డబ్బాలు, దువ్వెనలు పెట్టెలో సర్దుకుని, మెట్లు దిగి, గేటు దాకా వెళ్ళి, ఏదో మరిచిపోయినట్టు ఒకసారి ఆగి వెళ్ళిపోయింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. వరదలక్ష్మి కూడా చెప్పలేదు. ఆరోగ్యమేరి అలాంటిది కాదని ఆమెకు అనిపించింది గానీ, నోరు విప్పితే ఒక గంట వాదించాలి, ఆ గంటలో రాయాల్సిన సీను అలాగే ఉండిపోతుంది.

మంగళవారం మధ్యాహ్నం స్కూల్లో అన్నాల గంట కొట్టాక, ప్యూను వచ్చి ఎవరో పెద్దాయన వచ్చాడని చెప్పాడు. వరండా చివర ధర్మలింగం నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా. గొంతు దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. పిల్లలు క్యారియర్లు పట్టుకుని ఆయన చుట్టూ పరుగులు తీస్తున్నారు.

"ఏమండీ, ఈడికి వచ్చినారు? ఒంట్లో బాగలేదా?"

"బాగుండానమ్మా. ఆరోగ్యమేరిని పంపించేసినారు కదా. ఆ పిల్ల చేయలేదు. నేను చేసినాను."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక పక్కనున్న ఖాళీ క్లాసులోకి తీసుకువెళ్ళింది. ఆయన పిల్లలు కూర్చునే చిన్న బల్ల మీద ఇబ్బందిగా కూర్చున్నాడు.

ఆయన చెప్పినది ఇది. కోడంబాకంలో ఒక డబ్బింగ్ థియేటర్ బయట టీ కొట్టు దగ్గర ఆనందన్ అనే అతను పరిచయమయ్యాడు. అవతలి కంపెనీ మనిషి అని ధర్మలింగానికి మొదట తెలియదు. 'నాలుగో రేవు' చూస్తానన్నాడు. శేషగిరి వేషం గొప్పగా ఉందన్నాడు. ఇంకోరోజు కూడా వచ్చాడు. మీరైతే ఈ కథను ఎట్లా నడిపేవాళ్ళు అన్నా, అని అడిగాడు.

"నేను చెప్పినాను. నా ఆలోచన చెప్పాలంటే అసలు కథ ముందు చెప్పాల కదా. చెప్పినాను."

"మొదటిసారి తెలియక చెప్పినారు. డ్రైవర్ సీను ఆడ వచ్చినప్పుడు తెలిసింది కదా?"

"తెలిసింది."

"తర్వాత కూడా పోయినారా?"

"పోయినాను."

"డబ్బు ఏమన్నా..."

ధర్మలింగం మొహం చిన్నబోయింది. "టీ డబ్బులు కూడా సగం రోజులు నేనే ఇచ్చినానమ్మా."

"మరి ఏంటికండీ?"

ఆయన బల్ల మీద ఎవరో పిల్ల గీసిన పువ్వును వేలితో రుద్దుతూ ఉండిపోయాడు.

"నేను ఎప్పుడూ వేరేవాళ్ళ మాటలే చెప్పినానమ్మా. నాటకంలోనూ అంతే, డబ్బింగులోనూ అంతే. ఆ పెదాలు ఎట్లా కదిలితే నా మాట అట్లా కదలాల. తప్పని చెప్పడంలే, అది నా పని. కానీ ఈ శేషగిరి వచ్చినాక, రాత్రీ పగలూ వాడే నా తలలో. వాడి పెండ్లాం ఎట్లా ఉంటాది, వాడు ఏం తింటాడు, ఏంటికి చేస్తాడు. మీకు చెప్దామనుకుంటే మీకు తీరిక లేదు. డైరెక్టరుకు చెప్తే నవ్వినాడు. ఈ ఆనందన్ విన్నాడు. రొంబ శ్రద్ధగా విన్నాడు. అప్పురం, తర్వాత ఒకరోజు టీవీ చూస్తా ఉంటే, నేను చెప్పిన సీను వస్తా ఉండాది. క్యారియర్ ఇచ్చే సీను."

వరదలక్ష్మి ఆయన వైపు చూసింది. "అది మీదా?"

"మీకు కూడా చెప్పినాను కదమ్మా. బస్ స్టాపులో."

ఆమెకు ఏమీ గుర్తు రాలేదు. ఎంత ఆలోచించినా ఆ సాయంత్రం బస్సు నెంబరు తప్ప ఏదీ గుర్తు రాలేదు.

"ఆ పెరుగు గిన్నె మాట కూడా నాదే," అన్నాడు ధర్మలింగం. "మా ఇంటామె అట్లానే చెప్తాది. టీవీలో ఆ మాట వినగానే కుర్చీలోంచి లేచి నిలబడినాను. దొంగతనం అని తెలుసు. తెలిసినా, ఇంకోసారి పోదాము, ఇంకోటి చెప్దాము అని మనసు. సాయంత్రం కోసం చూసేదానికి ఒకటి ఉన్నింది. నేను మంచివాణ్ణని చెప్పడంలేదమ్మా. అడిగినారు కాబట్టి చెప్తా ఉండాను. నా వల్ల ఆ పిల్ల పని పోయింది. అది మాత్రం నేను మోయలేను."

గంట కొట్టారు. పిల్లలు తలుపు దగ్గర గుమిగూడి లోపలికి చూస్తున్నారు.

ఆ రోజే విజయకుమార్ ఆఫీసుకు వెళ్ళి ధర్మలింగం తనే చెప్పేశాడు. విజయకుమార్ అరవలేదు. అరిచినా బాగుండేదని ధర్మలింగం తర్వాత ఆమెతో అన్నాడు. ఆరోగ్యమేరికి కబురు వెళ్ళింది. ధర్మలింగాన్ని తీసేశారు. అయితే శేషగిరి పట్టుబడి నేరం ఒప్పుకునే సీను లేకుండా కథ ముగియదు. ఆ ఒక్క సీనుకు వచ్చి చేసి వెళ్ళమన్నారు. ఆయన ఒప్పుకున్నాడు.

ఆ వారం సెలవు రోజు పొద్దున వరదలక్ష్మి వంటింటి పక్క కిటికీ దగ్గర కూర్చుని ఆ సీను రాసింది. ఎన్నో నెలల తర్వాత ఆమె బస్సులో కాకుండా, తొందర లేకుండా, చేత్తో కాకుండా మనసుతో రాసింది. ఆఫీసరు అడుగుతాడు, ఎందుకు చేశావని. శేషగిరి చెబుతాడు. ఇన్నేళ్ళూ ఆ ఆఫీసులో తనకు పని చెప్పినవాళ్ళే గానీ తన మాట అడిగినవాడు లేడని. ఆ పరాయి మనిషి అడిగాడని. వాడు శత్రువని తెలిశాక కూడా వెళ్ళానని. తాను చెప్పిన మాట ఎక్కడో ఏదో కదిలించిందని తెలిసినప్పుడు భయంతో పాటు ఇంకోటి కూడా కలిగిందని. ఆ ఇంకోటి పేరు శేషగిరికి తెలియదు. రాసి మళ్ళీ చదువుకుంటే ఒక్క మాట కూడా మార్చబుద్ధి కాలేదు.

విజయకుమార్ చదివి కాగితాలు బల్ల మీద పెట్టాడు. "టీచర్, ఒకడు కూర్చుని మాట్లాడితే దానికోసం దేశాన్ని అమ్మేస్తాడా? ఎవరు నమ్ముతారు?"

"జరిగింది కదా సార్ మన దగ్గరే."

"అది సీరియల్ కథ. దేశం కాదు."

"మనిషి ఒకటే కదా."

ఆమె అంత గట్టిగా మాట్లాడటం అతను ఎప్పుడూ చూడలేదు. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. అతనూ అలిసిపోయి ఉన్నాడు. రెండుసార్లు తీసిందే మళ్ళీ తీయించి, చానల్ వాళ్ళ చేత మాటలు పడి. "సరి, మీ ఇష్టం. బాగా రాకపోతే మాత్రం కూతురే," అన్నాడు.

షూటింగ్ రోజు ధర్మలింగం పొద్దున్నే వచ్చాడు. ఎవరూ పలకరించలేదు. మేకప్ గదిలో ఆరోగ్యమేరి అద్దం ముందు కుర్చీ చూపించింది. వరదలక్ష్మి కాగితాలు ఇవ్వడానికి వెళ్ళి గుమ్మంలో ఆగిపోయింది.

"తల ఎత్తండి," అంటోంది ఆరోగ్యమేరి.

"నన్ను మన్నించమ్మా."

"పనికి ఏంటికి పోలేదని మా అత్త అడిగితే జ్వరమని చెప్పినాను. నా పిల్ల నా నుదురు పట్టుకుని చూసి, వేడి లేదే అంటాది. దానికి ఏం చెప్పాల?" స్పాంజి తీసుకుని ఆయన చెంప మీద అద్దింది. "మీరొచ్చి చెప్పినారు కాబట్టి సరి. లేకుంటే నేను జన్మకూ దొంగనే. కళ్ళు మూసుకోండి."

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఆ విషయం మాట్లాడలేదు.

ధర్మలింగం కాగితాలు తీసుకుని వెనక మెట్ల దగ్గరికి వెళ్ళి చదువుకున్నాడు. వరదలక్ష్మి కాస్త దూరంలో నిలబడింది. ఆయన పెదాలు కదులుతున్నాయి. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటి కాగితం పైకి తెచ్చాడు.

"ఇది నేను మీకు చెప్పిందే కదమ్మా."

"అవునండీ."

"బాగుండాది. నేను చెప్పినదానికంటే బాగుండాది." ఆయన కాగితాలు ఆమె వైపు చాపాడు. "నేను దీన్ని చెప్పలేను."

"ఏంటికండీ? ఇదే కదా మీరు మొదటినుంచీ అడిగింది? శేషగిరికి ఒక కారణం కావాలని."

"శేషగిరికి అడిగినాను. ఇది నాది. ఇంట్లో మా ఆవిడ చూస్తాది, మా వీధి మొత్తం చూస్తాది. వాళ్ళకు నా వేషం అయిపోయిందని చెప్పినాను. ఈ మాటలు వింటే మా ఆవిడకు ఒక్క నిమిషంలో తెలిసిపోతాది. ఇంతకాలం పక్కనే ఉన్నింది. నన్ను ఎవరూ అడగలేదని నేను టీవీలో చెప్తే, ఆమె ఏమనుకుంటాది?" గొంతు తగ్గించాడు. "ఆ రోజు మీకు చెప్పినానమ్మా. సీరియల్‌కు చెప్పలే."

వరదలక్ష్మికి చెంపలు వేడెక్కాయి. ఈసారి దొంగ ఎవరని వేరేవాళ్ళ వైపు చూడాల్సిన పని లేదు, ఆయన మాటలు తీసుకున్నది తనే. కిటికీ పక్కన రాస్తున్నప్పటి ఆ హుషారంతా ఎవరి మాటల వల్ల వచ్చిందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఆ కాగితాలు ఎంత బాగా వచ్చాయో ఆమెకు తెలుసు. అలాంటిది మళ్ళీ రాయగలదో లేదో తెలియదు.

"అయితే ఏం చేద్దాం?" అంది చివరికి.

"కూతురు ఉండాది కదా," అన్నాడు ఆయన. నవ్వలేదు.

ఆమె మెట్ల మీదే కూర్చుని అట్ట ఒళ్ళో పెట్టుకుంది. హాస్టల్లో కూతురు, గుండెలో రంధ్రం, డాక్టరు చెప్పిన గడువు. ఇలాంటివి రాయడం ఆమె చేతికి అలవాటే. ఒకచోట ధర్మలింగం వంగి చూసి, "'నాన్నా' అని పిలిచేది ఒక్కసారి చాలమ్మా. రెండోసారి అయితే నాకే నవ్వొస్తాది," అన్నాడు. ఆమె రెండోది కొట్టేసింది. కూతురికి పేరు కావాలంటే వర్షిణి అని ఆయనే చెప్పాడు. మొదట రాసిన కాగితాలు ఆయనకే ఇచ్చేసింది. ఆయన వాటిని మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

సీను ఒకే షాట్‌లో అయిపోయింది. బల్లకు ఇవతల ఆఫీసరు, అవతల శేషగిరి. కూతురి పేరు చెప్పి ధర్మలింగం ఆగాడు. ఆ ఆగడం కాగితం మీద లేదు. మొహం అలాగే ఉంది, కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. మాటలు ఆపరేషన్ గురించి, ఆసుపత్రి గురించి. వినేవాళ్ళకు మాత్రం ఆ మాటల వెనక ఇంకేదో పెద్ద బరువు దిగుతున్నట్టు అనిపించింది. లైట్లు చూసే గోవిందసామి కళ్ళు తుడుచుకున్నాడు. కట్ చెప్పాల్సిన విజయకుమార్ కాసేపు చెప్పలేదు.

తర్వాత అతను ధర్మలింగం దగ్గరికి వచ్చాడు. ఏదో అనాలని వచ్చినట్టున్నాడు. "భోజనం చేసి పోండి," అని మాత్రం అన్నాడు. ధర్మలింగం భోజనం చేసే వెళ్ళాడు. అంతకు మించి వాళ్ళ మధ్య ఏమీ జరగలేదు. విజయకుమార్ ఆయనను మళ్ళీ పిలవలేదు.

ఆనందన్ కూడా ఆ టీ కొట్టు దగ్గర మళ్ళీ కనిపించలేదు. ధర్మలింగం కొన్నాళ్ళు చూశాడట. తర్వాత చూడటం మానేశాడు. డబ్బింగులకు వెళ్తూనే ఉన్నాడు. 'నాలుగో రేవు' దీపావళి లోపలే ముగిసింది. ఆ కంపెనీయే ఒక కుటుంబ కథ మొదలుపెట్టి వరదలక్ష్మినే రాయమంది. వేసవి సెలవుల్లో ఆలోచిస్తానని చెప్పి, చివరికి వద్దంది.

ఆ ఒప్పుకోలు సీను వచ్చిన గురువారం భాష్యం కుర్చీ దగ్గరకు లాక్కుని చూశాడు. సీను అయ్యాక కండువాతో ముక్కు తుడుచుకున్నాడు.

"పాపం, కూతురి కోసం ఎంత కుమిలిపోయినాడో చూడు. ఇప్పుడు నమ్మేట్టు ఉండాది. ఈ కారణం ముందే పెట్టుండాల్సింది నువ్వు."

తెర మీద ఆయన ఏడ్చింది కూతురి కోసం కాదని చెప్పబోయింది వరదలక్ష్మి. ధర్మలింగం రాయపురంలో, భార్య పక్కన కూర్చుని ఇదే చూస్తుంటాడని తట్టింది. భార్యకు ఆయన ఏం చెప్పుకున్నాడో, చెప్పుకోలేదో. అది వాళ్ళిద్దరి సంగతి.

"అవును, ముందే పెట్టుండాల్సింది," అంది. దిద్దాల్సిన పేపర్ల కట్ట ముందుకు లాక్కుని, మొదటిది తీసింది.